మరుగుజ్జు పఫర్ పక్కన ఎవరు ఉండగలరు?

అక్వేరియం అంగళ్లలో పీ పఫర్ అనీ, డ్వార్ఫ్ పఫర్ అనీ, బఠానీ పఫర్ అనీ పిలిచే మంచినీటి చేప పూర్తిగా ఎదిగిన తరువాత కూడా రెండున్నర సెంటీమీటర్లకు మించి పెరగడం అరుదు. పసుపు, ఆకుపచ్చ కలిసిన ఒంటి మీద నల్లని మచ్చలు, తలకు మించిన కళ్లు, ఉన్నచోటనే నిలిచి ఎదుటివారిని పరకాయించి చూసే అలవాటు చూసి ముచ్చటపడి కొన్నవారు, దాని పరిమాణాన్ని బట్టే దాని స్వభావాన్ని అంచనా వేసి, అప్పటికే గప్పీలూ ఫైటర్ చేపా ఉన్న తొట్టిలోకి దాన్ని వదలడం, కొద్ది రోజులలోనే ఆ చేపల తోకలు అంచులు తెగి కనిపించడం అక్వేరియం పెంపకంలో తరచుగా జరిగే సంగతి. ఈ చేపకు తోడుగా ఏ జీవులను ఉంచవచ్చు, ఏవి పనికిరావు, అసలు తోడు అవసరమా అనే ప్రశ్నలను దాని శరీర నిర్మాణాన్నీ ఆహారపు అలవాట్లనూ ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ ప్రసంగ విషయం.

శాస్త్రజ్ఞులు కారినోటెట్రఓడాన్ ట్రావన్‌కోరికస్ అని వ్యవహరించే ఈ చేప పడమటి కనుమల ప్రాంతపు నీళ్లకే పరిమితమైన స్థానీయ జాతి, అనగా ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించనిది. సుందర్‌లాల్ హోరా, నాయర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని పంబా నదిలో దొరికిన చేపలను పరిశీలించి 1941లో దీన్ని తొలిసారి వర్ణించారు. కేరళలోని పెరియార్, చాలకుడి వంటి నదులలోనూ, వెంబనాడ్ సరస్సులోనూ, త్రిస్సూరు దగ్గరి కోలె అనే పల్లపు మాగాణి నేలలలోనూ, నీరు నెమ్మదిగా కదులుతూ కలుపు దట్టంగా పెరిగే చోట్ల ఇది బతుకుతుంది. దీన్ని చాలా వరకు పోలిన మరొక జాతి, కారినోటెట్రఓడాన్ ఇమిటేటర్, పడమటి కనుమల ప్రాంతంలోనే ఉన్నదని బ్రిట్జ్, కోటెలాట్ అనే పరిశోధకులు 1999లో ప్రకటించారు. పెంపకం విషయంలో రెండింటికీ పెద్ద భేదం లేదు కనుక ఇక్కడ మొదటిదాని గురించి చెప్పేది రెండవదానికీ చాలా వరకు వర్తిస్తుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్రజాబితాలో ట్రావన్‌కోరికస్‌ను ముప్పు పొంచి ఉన్న జాతుల వర్గంలో చేర్చింది. అంగడికి వచ్చే చేపలలో గణనీయమైన భాగం ఇప్పటికీ నదులలో పట్టినవే. అలవోకగా కొని అలవోకగా పోగొట్టుకోదగిన చేప ఇది కాదని దీనివల్ల తేలుతున్నది. తోడు చేపల ఎంపికలో తొందరపాటు తగదనడానికి ఇది మొదటి కారణం.

తోడు విషయంలో కలిగే చిక్కులన్నీ ఈ చేప నోటి నుంచీ, కంటి నుంచీ, ఈత నుంచీ పుడతాయి. పఫర్ చేపల కుటుంబంలో పళ్లు విడివిడిగా ఉండవు. పై దవడలో రెండు, కింది దవడలో రెండు చొప్పున నాలుగు పలకలుగా అతుక్కుపోయి చిలుక ముక్కును తలపించే గట్టి కొరుకుడు పరికరంగా తయారవుతాయి. ఈ పలకలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నత్త గుల్లలను పగలగొట్టడానికీ, పురుగులను తుంచడానికీ ఏర్పడిన ఈ నోరు ఎదుటి చేప రెక్కను సైతం కత్తిరించినంత సులభంగా తెంపుతుంది. కళ్లు రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేర్వేరు దిక్కులకు తిరగగలవు; కదిలే ప్రతి చిన్న వస్తువును అది నిలిచి చూసి, తినదగినదో కాదో తేల్చుకొని, ఆపైన కొరుకుతుంది. నీటిలో అలల మాదిరిగా ఆడే పొడవాటి తోక అంచు ఆ కంటికి మెలికలు తిరిగే పురుగుగానే కనిపిస్తుంది. ఈ విషయాన్ని గమనించకుండా చేపను కోపిష్ఠి అనీ కొంటెది అనీ పుస్తకాలలో రాయడం సరికాదు. అది వేటాడుతున్నది, అంతే. అయితే దెబ్బ తిన్న గప్పీకి ఈ వివరణ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఈత విషయానికి వస్తే, చాలా చేపలకు ఉండే శ్రోణి వాజాలు, అనగా పొట్ట కింది జంట రెక్కలు, పఫర్లకు ఉండవు. వీపు వెనుక భాగంలోని రెక్కనూ, తోకకు ముందు అడుగున ఉండే రెక్కనూ, పక్కల ఉన్న జంట రెక్కలనూ ఆడిస్తూ మెల్లగా, కానీ ఎటు కావాలంటే అటు, చివరికి వెనక్కి కూడా అది కదలగలదు. తోకను వేగం కోసం అరుదుగా వాడుతుంది. దీని ఫలితం రెండు విధాలుగా ఉంటుంది. వేగంగా ఈదే చేపను అది వెంబడించి పట్టుకోలేదు; అదే సమయంలో, తిండి వేసినప్పుడు వేగంగా ఈదే చేపతో పోటీపడి ముద్ద అందుకోలేదు. తోడు చేపల గురించి ఆలోచించేవారిలో ఎక్కువమంది మొదటి అంశాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకొని రెండవదాన్ని మరచిపోతారు. నిజానికి మరుగుజ్జు పఫర్ తొట్టెలలో కొరికి చంపిన చేపల కన్నా, ఆకలితో క్షీణించిన పఫర్లే తక్కువగా గుర్తింపుకు వచ్చే నష్టం, ఎందుకంటే గాయం అందరి కంటికీ కనిపిస్తుంది, వారాల తరబడి లోపలికి పోతున్న పొట్ట కనిపించదు.

ఈ నేపథ్యంలో మొదట పరిశీలించవలసిన తోడు మరొక జాతి కాదు, సొంత జాతే. ప్రకృతిలో ఈ చేపలు ఒంటరిగా కాక గుంపులుగా కనిపిస్తాయి. తొట్టిలో కూడా ఒకే పఫర్ కన్నా ఆరేడు కలిసి ఉన్నప్పుడు అవి ఎక్కువ తిరుగుతాయి, ఒకదాన్ని మరొకటి గమనిస్తూ సహజమైన నడవడి చూపుతాయి. అయితే మగవాటి మధ్య హద్దుల తగవు తీవ్రంగా ఉంటుంది. తగవు సమయంలో మగచేప పొట్ట అడుగునా వీపు మీదా చర్మాన్ని నిటారుగా అంచు కట్టినట్టు లేపి, రంగు ముదిరి, ఎదుటిదాన్ని తరుముతుంది. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు ఉండేటట్టు చూస్తే ఈ ఒత్తిడి ఒక్కదాని మీదే పడకుండా పంచుకుపోతుంది. ఎదిగిన మగచేపకు పొట్ట మధ్యలో పొడవునా ముదురు గీత, కంటి వెనుక మెరిసే సన్నని ముడతల వంటి గీతలు కనిపిస్తాయి; ఆడచేప గుండ్రంగా, పెద్ద మచ్చల మధ్య చిన్న చుక్కలతో ఉంటుంది. అంగడిలో అమ్మే సెంటీమీటరు పిల్లలలో ఈ గుర్తులు ఏర్పడి ఉండవు కాబట్టి, ఆరింటిని కొని, ఎదిగిన తరువాత ఎక్కువైన మగవాటిని వేరే తొట్టికి మార్చే ఏర్పాటు ముందే ఆలోచించుకోవడం తెలివైన పద్ధతి. ఒక్క పఫర్‌కు ఇరవై లీటర్ల నీరు, ఆరింటి గుంపుకు కనీసం డెబ్బై అయిదు లీటర్లు కావాలన్నది పెంపకందార్లలో విస్తృతంగా వాడుకలో ఉన్న లెక్క. ఇది ప్రయోగశాలలో తేల్చిన కొలత కాదు, అనుభవం మీద స్థిరపడినది.

లీటర్ల లెక్క కన్నా ముఖ్యమైనది చూపును అడ్డగించే అమరిక. ఒక చివర ఉన్న చేపకు రెండవ చివర ఉన్న చేప కనిపించే ఖాళీ తొట్టిలో వంద లీటర్ల నీరున్నా శాంతి ఉండదు. వలిస్నేరియా, హైడ్రిల్లా వంటి నీటిమొక్కలను దట్టంగా నాటి, జావా నాచును కర్రముక్కలకు కట్టి, రాళ్లను చూపు మలుపు తిరిగేటట్టు పేర్చితే, తరిమే చేప రెండు క్షణాలలో లక్ష్యాన్ని కోల్పోయి వేరే పనిలో పడుతుంది. ఏ తోడును ఎంచుకున్నా ఈ అమరిక లేకుండా ఆ ఎంపిక నిలవదు.

ఇక పరజాతుల విషయం. పనికిరానివాటిని ముందుగా తీసివేస్తే మిగిలేవి కొన్నే. పొడవాటి రెక్కలు, నెమ్మదైన ఈత కలిసిన చేపలు, అంటే ఫైటర్, గప్పీ, ఏంజెల్, తోక విచ్చుకున్న గోల్డ్ ఫిష్ వంటివన్నీ, మొదటి చూపులోనే తొలగిపోతాయి. పెద్ద నోరున్న చేపలు మరో కారణం చేత పనికిరావు: పఫర్ కుటుంబంలో అనేక జాతుల శరీరంలో విషం ఉంటుంది, ప్రమాదం పసిగట్టినప్పుడు అవి నీటిని మింగి పొట్టను బంతిలా ఉబ్బిస్తాయి, అలాంటిదాన్ని మింగబోయిన చేపకూ, మింగబడిన పఫర్‌కూ క్షేమం లేదు. బోర్నియో నుంచి వచ్చే చిలీ రాస్బోరా వంటి రెండు సెంటీమీటర్ల చేపలు చూపుకు జోడీగా అనిపించినా, పఫర్ల గుంపు మధ్య అవి మొక్కల చాటు విడిచి బయటికి రాలేవు.

పఫర్‌తో పాటు కేరళ నదులలోనే బతికే చేపలు తొట్టిలోనూ కలిసి ఉంటాయన్న వాదన ఒకటి తరచుగా వినిపిస్తుంది. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది, కానీ నిలవదు. అదే ప్రాంతంలో పిత్తపరిగెల కుటుంబానికి చెందిన ఫిలమెంట్ బార్బ్ ఉన్నది. అది పది సెంటీమీటర్లు దాటి పెరిగి, గుంపుగా తిరుగుతూ, వేసిన తిండిని క్షణంలో ఊడ్చివేస్తుంది. నీటి పైభాగంలో తిరిగే చారల కిల్లీ చేప, అప్లోకైలస్ లీనియేటస్, కూడా అక్కడిదే. దాని నోరు చిన్న చేపలను పట్టడానికే ఏర్పడినది. నదిలో ఈ మూడూ ఒకే నీటిలో ఉంటాయే గాని ఒకే మూలలో ఉండవు; ఒకదానికి మరొకటి గిట్టనప్పుడు పక్కకు తప్పుకోవడానికి అక్కడ మైళ్ల కొద్దీ నీరున్నది. నాలుగు గాజు పలకల మధ్య అలాంటి అవకాశం లేదు కాబట్టి, సహజ నివాసం ఒకటే అన్నది నీటి స్వభావాన్ని నిర్ణయించడానికి ఉపకరిస్తుంది గాని సహవాసాన్ని నిర్ణయించడానికి చాలదు.

వాస్తవంలో నిలిచిన జోడీలలో ముందుగా పేర్కొనదగినది ఓటోసింక్లస్. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప నాలుగు సెంటీమీటర్ల లోపు ఉండే జెల్ల జాతి. ఒంటి మీద ఎముక పలకలు కవచంగా ఉండి, అంటుకునే నోటితో ఆకుల మీదా గాజు మీదా పేరిన పాకుడును గీరి తింటుంది. పఫర్ తినే ఆహారం దానికి అక్కరలేదు, అది తినే ఆహారం పఫర్‌కు అక్కరలేదు. పొడవైన రెక్కలూ లేవు, మెలికలు తిరిగే కదలికా లేదు. ఈ మూడు అంశాలు కలిసి రావడమే ఈ జోడీ విజయానికి కారణం. అయితే పాకుడు పేరని కొత్త తొట్టిలో ఓటోసింక్లస్ ఆకలితో చనిపోతుంది. కాబట్టి తొట్టి ఏర్పడి కొన్ని నెలలు గడిచి, ఆకుల మీద పాకుడు స్థిరపడిన తరువాతనే, అయిదారింటిని కలిపి వదలవలసి ఉంటుంది.

ఆగ్నేయాసియాకు చెందిన కూలీ లోచ్ అనే పాములాంటి సన్నని చేప రెండవది. ఇది పగలు ఇసుకలోనో రాళ్ల సందులలోనో దాగి, రాత్రి బయటికి వచ్చి అడుగున పడిన తిండిని ఏరుకుంటుంది. పఫర్ పగటి చూపు మీద ఆధారపడే చేప. ఇద్దరి వేళలు వేరు కావడం వల్ల తగవుకు తావు తక్కువ. దానికి మెత్తని ఇసుక అడుగు తప్పనిసరి. కోరిడోరాస్ అనే చిన్న మీసాల చేపలను కూడా కొందరు సూచిస్తారు గాని, అవి పగలే అడుగున తిరుగుతూ పఫర్ కోసం పడిన పురుగులను ముందుగా తినేస్తాయి. పైగా వాటి పక్క రెక్కలలో ముల్లు ఉంటుంది. సిఫారసు చేయదగిన జోడీ కాదు. వేగంగా గుంపుగా తిరిగే హార్లెక్విన్ రాస్బోరా, జీబ్రా డానియో వంటివి కొరుకుళ్ల నుంచి తప్పించుకుంటాయి, నిజమే. కానీ తిండి దగ్గర పైచేయి ఎప్పుడూ వాటిదే. పఫర్‌కు విడిగా, గాజు గొట్టంతోనో పొడవాటి పట్టకారుతోనో తినిపించే ఓపిక ఉన్నవారు మాత్రమే ఈ దారి పట్టాలి.

రొయ్యల గురించి అభిప్రాయాలు చీలి ఉన్నాయి. చెర్రీ రొయ్యలు అని అమ్మే చిన్న ఎర్రరొయ్యలను పఫర్లతో ఉంచితే, పిల్లలన్నీ పఫర్లకు ఆహారమవుతాయి; పెద్దవి, ముఖ్యంగా కుబుసం విడిచి ఒళ్లు మెత్తగా ఉన్న రోజులలో, ప్రమాదంలో పడతాయి. నాచు దట్టంగా ఉంటే కొంత సంఖ్య నిలుస్తుంది. అమానో రొయ్య పరిమాణంలో పెద్దది కనుక మెరుగు, కానీ మీసాలు తెగడం మామూలే. రొయ్యలను అందం కోసం పెంచాలనుకునేవారికి పఫర్ తొట్టి తగిన చోటు కాదు. ఆహారపు గొలుసులో భాగంగా వదిలేవారికి అభ్యంతరం లేదు. నెరైట్ నత్తల విషయంలో మాత్రం నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది: గుల్ల గట్టిగా ఉండటం వల్ల పఫర్ దాన్ని చంపలేక, బయటికి చాచిన స్పర్శకాలను, అంటే నత్త తల మీది మెత్తని కొమ్ములను, పదేపదే కొరుకుతుంది, నత్త ముడుచుకొని కదలక రోజుల తరబడి తిండి మాని కృశిస్తుంది. దీన్ని సహవాసం అనడానికి వీల్లేదు.

నత్తలు ప్రధానంగా తోడు కాదు, తిండి. ఎండు తిండి గుళికలను ఈ చేప చాలా వరకు ముట్టదు. గడ్డకట్టించి అమ్మే బ్లడ్ వార్మ్స్, అనగా కుట్టని ఒక రకం దోమల ఎర్రని లార్వాలు, నీటి ఈగలు అనే డాఫ్నియా, దోమ లార్వాలు, పలుచని గుల్ల ఉన్న రామ్స్‌హార్న్, బ్లాడర్ నత్తలు దీని ముఖ్యాహారం. ట్రంపెట్ నత్తల గుల్ల మరీ గట్టిది. చిన్నవాటిని మినహాయిస్తే అవి ముక్కు పలకలకు హాని చేయవచ్చు. తెలుగు ప్రాంతాలలో ఊరి చెరువుల నుంచి నత్తలను తెచ్చి వేయడం తేలికగా తోచే ఉపాయం. కానీ చెరువులలో విస్తారంగా దొరికే ఇండోప్లానార్బిస్ అనే చుట్టనత్త పశువులను బాధించే రక్తపు పరాన్నజీవులకు మధ్యంతర ఆతిథేయి, అనగా ఆ పరాన్నజీవి బతుకులో ఒక దశ ఈ నత్త లోపల గడుస్తుంది. దాని నుంచి వెలువడే సూక్ష్మజీవులు మనిషి చర్మానికి తగిలితే దురద దద్దుర్లు వస్తాయి. అందువల్ల చెరువు నత్తలను నేరుగా తొట్టిలో వేయక, విడి సీసాలో పెట్టి, అవి పెట్టిన గుడ్ల నుంచి పుట్టిన తరాన్ని వాడుకోవడం మేలు.

తోడు గురించి ఆలోచించే ముందు అంగడిలో కొన్నది నిజంగా మరుగుజ్జు పఫరేనా అని నిర్ధారించుకోవాలి. ఒకే తొట్టిలో పిల్లలుగా అమ్ముడయ్యే గ్రీన్ స్పాటెడ్ పఫర్ పదిహేను సెంటీమీటర్లు పెరిగి, వయసుతో పాటు ఉప్పు కలిసిన నీటిని కోరుతుంది. ఫిగర్ ఎయిట్ పఫర్‌కూ కొంత ఉప్పు నీరే మేలు. గంగా, బ్రహ్మపుత్ర, మహానది ప్రాంతాలలో దొరికే కట్‌కటియా పఫర్ పూర్తిగా మంచినీటిదే గాని, అదీ పదిహేను సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది. వీటికి పైన చెప్పిన జోడీలేవీ వర్తించవు.

నీటి ఉష్ణోగ్రత 22 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం పఫర్‌కూ, దాని తోడుకూ అనుకూలం. వేసవిలో విజయవాడ, హైదరాబాద్ వంటి చోట్ల తొట్టి నీరు 30 డిగ్రీలు దాటినప్పుడు నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు మొదట కుంగేది ఓటోసింక్లస్. నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టి గాలి తగిలేటట్టు చేయడం చవకైన ఉపాయం. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే మందు వేసి గాని నీరు మార్చకూడదు. పఫర్‌కు పొలుసులు లేవు, సూక్ష్మమైన ముళ్లు మాత్రమే ఉంటాయి. కనుక మందుల మోతాదు విషయంలో ఇతర చేపల కన్నా జాగ్రత్త అవసరం. రాగి కలిసిన మందులు రొయ్యలనూ నత్తలనూ చంపుతాయి కాబట్టి, కలిసి ఉన్న తొట్టిలో వాటిని వాడే ప్రసక్తి లేదు.

నదిలో పట్టిన పఫర్ల కడుపులో పురుగులు ఉండటం సాధారణం. తిండి తింటున్నా పొట్ట లోపలికి పోవడం దానికి గుర్తు. అందువల్ల పఫర్లను మూడు నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచి, అవసరమైతే మందు వాడి, ఆ తరువాతనే ఉమ్మడి తొట్టికి మార్చాలి. మార్చేటప్పుడు వలతో పైకి ఎత్తకూడదు. గాలి మింగి ఉబ్బిన చేప ఆ గాలిని బయటికి పంపడానికి తంటాలు పడుతుంది, అందుకని గిన్నెతో నీటితో పాటే ముంచి తీయాలి. తోడు జీవులను ముందుగా, పఫర్లను చివరగా వదిలితే, పఫర్లు తొట్టిని తమ సొంత హద్దుగా భావించేలోగా మిగిలినవి దాగే చోట్లు ఎంచుకొని ఉంటాయి. మొదటి రెండు వారాలు ప్రతి దినమూ దీపం వేసిన వెంటనే రెక్కల అంచులనూ, తిండి వేసిన గంటకు పఫర్ల పొట్టలనూ చూసుకోవాలి. అంచు తెగినా, పొట్ట నిండకపోయినా ఆ జోడీని ఆనాడే విడదీయడానికి నీరు నింపి ఫిల్టర్ తిరుగుతున్న మరొక తొట్టి సిద్ధంగా ఉండాలి.